ఇంకో రెండు వరుసలు

ఫిబ్రవరి 4, మంగళవారం

ఈ డైరీలో ఇన్నాళ్ళూ డ్యూటీ టైములు తప్ప ఇంకేమీ రాసుకోలేదు. నిన్నటి పేజీలోనూ అదే ఉంది. రిపోర్టింగ్ 10.20, ల్యాండింగ్ 5.40. దిగింది మాత్రం 4.15కి, వేరే ఊళ్ళో, రన్‌వే పక్కన అంబులెన్సులు బారులు తీరి ఉండగా.

నాకేమీ కాలేదు. భుజాల మీద బెల్టు ఒరుసుకుని రెండు ఎర్రటి చారలు పడ్డాయి, అంతే. మా ఆయన మందు రాస్తానంటే వద్దన్నాను.

ఆకాశం శుభ్రంగా ఉంది. ఒక్క మబ్బు తునక లేదు. రాడార్‌లో కూడా ఏమీ కనపడలేదని కెప్టెన్ పదిసార్లు అన్నాడు. మబ్బులేని చోట వచ్చే కుదుపుని ఎవరు మాత్రం ముందుగా పట్టుకోగలరు? విమానం ఉన్నట్టుండి కిందికి జారిపోయింది. నాలుగు సెకన్లో, ఐదు సెకన్లో. బెల్టు పెట్టుకోనివాళ్ళు లేచి పైకప్పుకి తగిలారు. కాఫీ లేచింది, కప్పులు లేచాయి, ట్రాలీ లేచింది. పిచ్చుక లేచింది. ముందు అది పడింది, దాని మీద ట్రాలీ పడింది.

పిచ్చుక అనేది నేను పెట్టిన పేరే. ఇంత మనిషి, అంత నోరు. మా క్యాబిన్ సిబ్బందిలో అందరికంటే చిన్నది, చేరి పద్నాలుగు నెలలు.

దిగేదాకా నలభై నిమిషాలు దాని మెడ కదలకుండా రెండు చేతులతో పట్టుకుని నేల మీద కూర్చున్నాను.

టైం లేదు. కెప్టెన్ ఫోన్ చేసి కూర్చోమన్నాక పది సెకన్లు కూడా లేదు. వెనకున్న ఇద్దరికీ ఫోన్లో చెప్పాను. మధ్యలో ట్రాలీతో ఉన్న పిచ్చుకకి చేత్తో సైగ చేశాను. నా మడత కుర్చీలో కూర్చుని బెల్టు పెట్టుకున్నాను. అది కూర్చోలేదు. ఏం చేస్తాం, టైం లేదు.

ఫిబ్రవరి 5

నిద్ర లేదు. పడుకుంటే మంచం కిందికి పోతోంది.

ఫిబ్రవరి 6, గురువారం

ఆస్పత్రికి వెళ్ళాను. నిన్ననే మా ఊరికి తీసుకొచ్చారు. మూడో అంతస్తు, కిటికీ పక్క మంచం. వెన్నుపూస ఒకటి విరిగింది. ఆపరేషన్ అక్కర్లేదన్నారు. నడుస్తుంది కానీ ఎప్పటికి నడుస్తుందో చెప్పలేమన్నారు. తలకి దెబ్బ తగలడంతో ఆ రోజు మధ్యాహ్నం ఏమైందో దానికి గుర్తులేదు. భోజనాల ట్రాలీ తీసి లోపల పెట్టడం గుర్తుందట. ఆ తర్వాత అంబులెన్సే.

వాళ్ళమ్మ నన్ను చూడగానే లేచి తన కుర్చీ నా వైపు జరిపింది. "కూర్చోమ్మా, కూర్చో. నువ్వు మెడ పట్టుకోకపోయుంటే నా కూతురు ఈపాటికి ఎట్లా ఉండేదో. డాక్టరుగారే చెప్పారు" అంది. ఫ్లాస్కులోంచి స్టీలు గ్లాసులో టీ పోసిచ్చింది. బడిలో వంటమనిషిగా చేస్తుందట. ఎవరైనా వస్తే ముందు చేతిలో ఏదో ఒకటి పెట్టనిదే ఆవిడకి కాలు నిలవదు.

పిచ్చుక తల తిప్పలేదు, కళ్ళు మాత్రం నా వైపు తిప్పింది. "అక్కా, కూర్చోమంటే కూర్చోలేదంట నేను. మీరు సైగ చేసినా వినలేదంట. సారీ అక్కా" అంది.

"ఇప్పుడవన్నీ ఎందుకే, రెస్ట్ తీసుకో" అన్నాను.

వాళ్ళమ్మ అందుకుంది. "చిన్నప్పట్నుంచీ ఇంతేనమ్మా. చెప్పిన మాట వింటే కదా. ఇంకాసేపు, ఇంకాసేపు అంటుంది. ఇప్పుడు చూడు, ఎక్కడికొచ్చిందో."

టీ బాగుంది. పూర్తిగా తాగాను.

దానికి ఆ సైగ సంగతి ఎవరు చెప్పారు? ఆఫీసువాళ్ళే చెప్పి ఉంటారు. ఆ రోజు దిగిన చోటే ఒక గదిలో కూర్చోబెట్టి నాతో రిపోర్టు రాయించుకున్నారు. ఏం రాశానో అక్షరం అక్షరం గుర్తుంది. "నేను సైగ చేసినప్పటికీ ఆమె సర్వీస్ కొనసాగించారు." ఇందులో అబద్ధం ఎక్కడుంది? సైగ చేశాను. కొనసాగించింది.

ఫిబ్రవరి 7, శుక్రవారం

ఇంట్లో మా చిన్నదాని మీద చెయ్యి చేసుకున్నంత పని చేశాను.

స్నానానికి రమ్మని పిలిచాను. బొమ్మలు వేసుకుంటోంది. తల ఎత్తకుండా రెండు వేళ్ళు పైకెత్తి చూపించింది. ఇంకో రెండు నిమిషాలు అని. ఇంట్లో ఎప్పుడూ చేసేదే. ఒళ్ళు మండిపోయింది నాకు. పెన్సిల్ లాక్కుని, "నోటితో చెప్పలేవా? మూగదానివా?" అని కేకలేశాను. తొమ్మిదేళ్ళ పిల్ల, బిత్తరపోయి చూసింది. తర్వాత నెమ్మదిగా, "నువ్వేగా నేర్పించావు" అంది.

నేనేం నేర్పించలేదు. చూసి నేర్చుకుంది.

ఫిబ్రవరి 9, ఆదివారం

ఆ విమానంలోని ప్రయాణికుల నుంచి పొగడ్తల ఉత్తరాలు వస్తున్నాయి. ఆఫీసువాళ్ళు పదకొండు పంపించారు. ఒక పెద్దాయన నన్ను తల్లి అన్నాడు. పైవాళ్ళు ఫోన్ చేసి, ఇక మీరు కొత్తవాళ్ళకి పాఠాలు చెప్పాలి, ట్రైనింగ్ విభాగంలో మీ పేరు ఖాయం అన్నారు. మూడేళ్ళుగా ఆ పోస్టు కోసం ఎదురుచూస్తున్నాను. సంతోషించాలి కదా.

ఆయన షాపుకి సెలవు. కళ్ళజోళ్ళు అమ్మీ అమ్మీ, ఏ మనిషినైనా కళ్ళలోకి చూడటం అలవాటైపోయింది. ఎదురుగా కూర్చుని, "ఏమోయ్, ఒక్కటి అడగనా?" అన్నాడు.

"అడక్కండి."

"టైం లేదన్నావు కదా. నువ్వు మాత్రం ఎట్లా కూర్చున్నావు?"

"మా కుర్చీ పక్కనే ఉంటుంది. నేను ముందుంటాను, అది మధ్యలో ఉంటుంది. విమానం అంటే మీ షాపనుకున్నారా?"

"సరేలే" అని పేపరు తీసుకున్నాడు. ఆయన సరేలే అంటే నాకు అరికాలి మంట నెత్తికెక్కుతుంది. అరగంట దాకా ఆ పేపరులో ఒకే పేజీ చూశాడు.

పది సెకన్లు కాదేమో. అర నిమిషం ఉంటుందేమో. అయినా అర నిమిషంలో ఏమవుతుంది?

ఫిబ్రవరి 10, సోమవారం

సేఫ్టీ విభాగం నుంచి ఫోన్. విచారణ 17న, ఉదయం పదకొండింటికి. మాట్లాడినాయన మర్యాదస్తుడు, ప్రతి మాటకీ మేడం అంటాడు.

"మీ మీద ఏమీ లేదు మేడం. రిపోర్టులో రాసిందే ఒకసారి చెప్తే చాలు. ఆ అమ్మాయి ఆదేశం వినలేదని తేలితే ఫైలు మూసేస్తాం."

"వినలేదని తేలితే దానికేమవుతుంది?"

"నయమయ్యాక కూడా విమానంలోకి తీసుకోరు. సేఫ్టీ ఆదేశం ధిక్కరించినట్టు రికార్డులో పడుతుంది కదా. వేరే కంపెనీ కూడా తీసుకోదు."

పెట్టేసే ముందు ఏదో మామూలు సంగతి చెప్పినట్టు చెప్పాడు. "అన్నట్టు, రికార్డర్ చూశాం మేడం. కెప్టెన్ మీకు ఫోన్ చేసిన దగ్గర్నుంచి కుదుపుకి నిమిషం నలభై సెకన్లుంది."

ఫిబ్రవరి 11

నిమిషం నలభై.

ఫిబ్రవరి 12, బుధవారం

వంటింట్లో గడియారం ముందు నిలబడి చూశాను. నిమిషం నలభై సెకన్లు చాలా పొడుగు. స్టవ్ ఆర్పొచ్చు, గిన్నె దించొచ్చు, చేతులు కడుక్కుని తుడుచుకుని కుర్చీ లాక్కుని కూర్చోవచ్చు. అప్పటికి ఇంకా నలభై ఐదు సెకన్లు మిగిలే ఉంటాయి.



ఫిబ్రవరి 13, గురువారం

రాస్తే ఏమవుతుంది? ఇది ఎవరూ చదవరు. ఆయన చదవడు, ఆ సంగతి నాకు తెలుసు.

కెప్టెన్ అన్న మాట ఇది. "మన ముందు వెళ్ళినవాళ్ళని గట్టిగా కుదిపిందట. సర్వీస్ ఆపేసి అందరూ కూర్చోండి." కెప్టెన్లు రోజుకి రెండుసార్లైనా అంటారు ఈ మాట. పందొమ్మిదేళ్ళలో ఎన్ని వందలసార్లు విన్నానో. ఎక్కువసార్లు గ్లాసులో నీళ్ళు కూడా తొణకవు. బెల్టు లైటు వెలుగుతూనే ఉంటుంది, మేము కాఫీ పోస్తూనే ఉంటాం. నాకు ఇంకో పిచ్చి కూడా ఉంది. నా ఫ్లైట్‌లో ఒక్క వరుస కూడా మిగలకూడదు. చివరి వరుసలవాళ్ళకి కాఫీ అందలేదని పోయిన నెల ఎవరో ఫిర్యాదు రాశారు. పందొమ్మిదేళ్ళలో అదే మొదటిది, ముల్లులా దిగింది నాకు.

ఆ రోజు మాలో ఒకరు తక్కువ. సగం సైజు ట్రాలీని పిచ్చుక ఒక్కత్తే లాక్కుంటూ వెనక్కి వెళుతోంది, మొహం నా వైపు ఉంది. కెప్టెన్ ఫోన్ పెట్టేశాడు. వెనక తెర చాటున ఉన్న ఇద్దరికీ ఫోన్ చేసి కూర్చోమన్నాను. తర్వాత పిచ్చుక వైపు చూశాను. అది కూడా నన్నే చూస్తోంది. బెల్టు లైటు చూసి ఆగి, ఏం చెయ్యను అన్నట్టు కనుబొమలెగరేసింది.

అరచెయ్యి కిందికి వంచి చూపిస్తే, ఉన్నచోటే వెంటనే కూర్చో అని. పుస్తకంలో ఉన్న సైగ అదొక్కటే. రెండు వేళ్ళది ఏ పుస్తకంలోనూ లేదు. అది నాది. నేనే పెట్టాను. నాతో ఎగిరే పిల్లలందరికీ తెలుసు. ఇంకో రెండు వరుసలు ముగించి అప్పుడు కూర్చో అని దానర్థం.

రెండు వేళ్ళు చూపించాను.

అది నవ్వి తల ఊపింది. ట్రాలీ బ్రేకు తీసింది. నేను కుర్చీ దించుకుని కూర్చున్నాను. నడుముకి పెట్టుకున్నాను, భుజాలకి పెట్టుకున్నాను, బిగించుకున్నాను. అది వంగి కాఫీ పోస్తుంటే బెల్టులో కూర్చుని చూస్తున్నాను. దాని పక్కన ఇరవై రెండో వరుసలో రెండు సీట్లు ఖాళీగా ఉన్నాయి. ఒక్క అడుగు వేస్తే కూర్చునేది.

నేను చెప్పినట్టే చేసింది. నా మాట విన్నందుకే విరిగింది దాని వెన్ను.

ఫిబ్రవరి 14

పై పేజీ చింపేద్దామనుకున్నాను. చింపలేదు. చింపితే దాని వెనక ముందే రాసిపెట్టుకున్న డ్యూటీ టైములు కూడా పోతాయి.

మంచి సాకే దొరికింది నాకు.

ఫిబ్రవరి 15, శనివారం

ఆయనా చిన్నదీ ఈతకి వెళ్ళారు. అద్దం ముందు నిలబడి అరచెయ్యి కిందికి వంచాను. ఒకసారి, రెండుసార్లు. ఎంత సులువో. ఆరోసారికి నాకే నమ్మకం కుదిరింది, ఆ రోజు ఇదే చేశానేమో అనిపించింది. దూరం కదా, దానికి సరిగ్గా కనపడలేదేమో. రెండు వేళ్ళనుకుందేమో.

అప్పుడే ఫోన్ మోగింది. పిచ్చుక పంపిన మెసేజి. పడుకుని టైపు చేసిందేమో, సగం అక్షరాలు తప్పులు.

"అక్కా, విచారణవాళ్ళు నన్ను ఫోన్లో అడుగుతారంట. నాకు గుర్తులేదు కానీ తప్పు నాదేనని ఒప్పేసుకుంటా. మీకు ట్రైనింగ్ పోస్టు వస్తోందంటగా, నా వల్ల అది ఆగకూడదు. నాకు బాగయ్యాక మీ క్లాసులో కూర్చుంటా."

విమానంలోకి మళ్ళీ రానివ్వరని దానికింకా ఎవరూ చెప్పలేదు.

మంచం అంచున కూలబడ్డాను. ఏడుపొస్తే బాగుండేది, రాలేదు. వాళ్ళిద్దరూ తడి జుట్టుతో ఇంటికొచ్చేసరికి అలాగే ఉన్నాను. ఆయన చిన్నదాన్ని లోపలికి పంపి, "ఏమోయ్, చెప్పు" అన్నాడు. చెప్పాను.

అంతా అయ్యాక, "నాకు అనుమానంగానే ఉంది" అన్నాడు.

"మరి అడగలేదేం?"

"అడిగాను కదా. నన్ను కసిరావు." తడి తువ్వాలు మడత పెడుతూ, "ఉద్యోగం పోతుందేమో" అన్నాడు.

"పోతుందేమో కాదు."

"సరేలే" అన్నాడు. ఈసారి నాకు కోపం రాలేదు.

ఫిబ్రవరి 16

భయంగా ఉంది. ఎంత భయమో రాయడానికి కూడా భయంగా ఉంది. చెప్పకుండా ఉండిపోతానేమోనని ఒక భయం, చెప్పేస్తానేమోనని ఇంకో భయం. యూనిఫాం ఇస్త్రీ చేసుకున్నాను. రేపటికి యూనిఫాం అక్కర్లేదన్నారు, అయినా చేసుకున్నాను.

ఫిబ్రవరి 17, సోమవారం

బల్లకి అవతల ముగ్గురు. చివర ఒకమ్మాయి టైపు చేస్తోంది. నా రిపోర్టు నాకే చదివి వినిపించారు. ఫోన్లో మాట్లాడిన మర్యాదస్తుడు మధ్యలో ఉన్నాడు.

"అంతే కదా మేడం?"

"అంతే" అనేశాను. నిజం, అనేశాను. రెండు అక్షరాలు, నోట్లోంచి జారిపోయాయి.

ఆయన తర్వాతి కాగితం తిప్పాడు. "ఇదొక్కటీ రికార్డు కోసం. ఏ సైగ చేశారో ఒకసారి చూపిస్తారా?"

చెయ్యెత్తాను. అద్దం ముందు అన్నిసార్లు చేసినదే. మణికట్టు వంచాలి, అరచెయ్యి కిందికి దించాలి. గదిలో అందరూ నా చెయ్యే చూస్తున్నారు. ట్రాలీ పక్కన నిలబడి కనుబొమలెగరేసిన మొహం ఎదురుగా కనపడింది. నోరైతే ఎలాగోలా అబద్ధమాడింది, చెయ్యి మాత్రం ససేమిరా అంది. రెండు వేళ్ళు చూపించాను.

"ఇదేంటి మేడం?"

"ఇంకో రెండు వరుసలు ఇచ్చేసి కూర్చో అని."

"మాన్యువల్‌లో ఇలాంటిది లేదే."

"లేదు సార్. నేను పెట్టుకున్నది. కెప్టెన్ ఆపెయ్యమన్నాడు. నేను ఆపలేదు, ఆ అమ్మాయిని పని చెయ్యమని నేను కూర్చున్నాను. ఇప్పుడు అంతే అన్నాను కదా, అది అంతే కాదు. ఆ వాక్యం కొట్టెయ్యండి."

టైపు చేసే అమ్మాయి చేతులు ఆగిపోయాయి. ఆయన నీళ్ళ సీసా నా వైపు జరిపాడు. "మీరు ఒత్తిడిలో ఉన్నారు. కాసేపు బయట కూర్చుని, ఆలోచించుకుని రండి" అన్నాడు. పాపం, మంచి మనసుతోనే అన్నాడు.

"పద్నాలుగు రోజుల్నుంచి ఆలోచిస్తున్నాను సార్. రాసుకోండి" అన్నాను.

అక్కణ్ణుంచి తిన్నగా ఆస్పత్రికి వెళ్ళాను. ఇంటికి వెళితే మళ్ళీ బయల్దేరలేనని తెలుసు. వాళ్ళమ్మ మందులకోసం కిందికి వెళ్ళిందట. పిచ్చుకకి చెప్పాను. నిలబడే చెప్పాను, కూర్చుంటే మాట రాదనిపించింది.

పైకప్పు వైపు చూసింది. "అయితే నేను మీ మాట విన్నాను" అంది.

"విన్నావు."

"రెండు వారాల్నుంచి నన్ను నేను తిట్టుకుంటున్నానక్కా. అమ్మ రోజూ తిడుతోంది. పెద్దవాళ్ళు చెప్తే వినవు, వినవు అని." కళ్ళు నా వైపు తిప్పింది. "మీరు ఆ రోజే వచ్చారు. నేను సారీ చెప్పాను. రెస్ట్ తీసుకో అన్నారు."

మంచం కమ్మీ పట్టుకుని నిలబడ్డాను.

"ఆ రెండు వరుసలూ అయ్యాయా?" అని అడిగింది.

"ఒకటి అయింది."

నవ్వుతుందేమో అనుకున్నాను. నవ్వలేదు. "అమ్మకి మీరే చెప్పండి. నేను చెప్తే నమ్మదు" అని కళ్ళు మూసుకుంది.

ఆవిడ వచ్చింది. మందుల సంచి బల్ల మీద పెట్టి, "ఎప్పుడొచ్చావమ్మా? నిలబడ్డావేం? కూర్చో" అంటూ కుర్చీ జరిపింది. ఫ్లాస్కు తీసింది. వద్దనే లోపలే గ్లాసు నా చేతిలో పెట్టింది. మర్యాద కోసం ఒక గుక్క తాగి, ఇంకో గుక్క తాగి, గ్లాసు పట్టుకునే మొత్తం చెప్పాను. పిన్నిగారూ, మీ అమ్మాయి మాట విన్నది, నేనే తప్పు చెప్పాను అన్నాను. నేను బెల్టు పెట్టుకున్నదీ చెప్పాను, ఖాళీ సీట్లదీ చెప్పాను.

ఆవిడ కూతురి వైపు చూసింది. దగ్గరికి వెళ్ళి దాని నుదుటి మీద జుట్టు వెనక్కి తోసింది, రెండుసార్లు, మూడుసార్లు. తర్వాత నా దగ్గరికొచ్చి చేతిలోంచి గ్లాసు తీసుకుంది. సగం టీ ఇంకా ఉంది. సింకులో పారబోసి, గ్లాసు కడిగి, బోర్లించింది.

ఫిబ్రవరి 18

ఫోన్ రాలేదు. నేనూ చెయ్యలేదు.

ఫిబ్రవరి 28, శుక్రవారం

కాగితాలు వచ్చాయి. నన్ను విమానాల నుంచి తీసేశారు. ట్రైనింగ్ పోస్టు ఊసే లేదు, ఉండకూడదు కూడా. రెండో కాగితంలో పిచ్చుక పేరు మీద ఒకే వాక్యం ఉంది. "సీనియర్ ఇచ్చిన ఆదేశం ప్రకారమే నిలబడి ఉన్నారు." దాని రికార్డు శుభ్రం. నయమయ్యాక మళ్ళీ ఎగరవచ్చు. ఆ వాక్యం నాలుగుసార్లు చదువుకున్నాను.

మధ్యాహ్నం ఆస్పత్రికి వెళ్ళాను. రానిస్తారో లేదో తెలియదు. ఎవరూ ఆపలేదు, రమ్మనీ అనలేదు. పిచ్చుక నడుముకి పట్టీ కట్టుకుని, వాకర్ పట్టుకుని, మంచం దగ్గర్నుంచి తలుపు దాకా నడుస్తోంది. ఫిజియో పక్కనే ఉంది. అడుగు వేసినప్పుడల్లా కింది పెదవి పంటితో నొక్కుకుంటోంది. నన్ను చూసింది. ఆగలేదు, మళ్ళీ వెనక్కి తిరిగింది.

వాళ్ళమ్మ గోడ వైపు జరిగి దారి ఇచ్చింది, కూతురికి. కుర్చీ కిటికీ దగ్గర ఖాళీగానే ఉంది. ఆవిడ కుర్చీ వైపు చూసింది, నా వైపు చూసింది, మళ్ళీ కూతురి అడుగులు లెక్కపెట్టుకోవడంలో పడింది.

నలభై నిమిషాలు ఉన్నాను. కూర్చోమని ఎవరూ అనలేదు. నిలబడ్డాను.